వాల్యూం ఎవరు తగ్గించారు?

మా అమ్మకి 79 ఏళ్ళు. నాన్న పోయాక తెనాలి ఇల్లు అద్దెకిచ్చేసి హైదరాబాదులో నా దగ్గరే ఉంటోంది. పోయినేడాది వేసవిలో ఒకరోజు అన్నం తింటూ తింటూ, "అమ్మాయ్, నా చెవులు పోతున్నట్టున్నాయే. ఒకసారి డాక్టరుకి చూపించు" అంది. టీవీ చూస్తూ ఉంటే ఉన్నట్టుండి మాటలు వినపడకుండా పోతున్నాయట. రిమోటుతో సౌండు పెంచుకుంటే కాసేపు బాగానే ఉంటుందట. మళ్ళీ పోతుందట. "మధ్యాహ్నం పూటే ఎక్కువగా వస్తోంది ఈ జబ్బు" అంది.

మధ్యాహ్నం పూట ఆ జబ్బు తెప్పిస్తున్నది నేనే.

బెంగుళూరులో ఉద్యోగం చేసే మా అబ్బాయి సంక్రాంతికి వచ్చినప్పుడు హాల్లోకి కొత్త టీవీ కొన్నాడు. దాన్ని నడిపే యాప్ ఒకటి నా ఫోన్లో పెట్టి వెళ్ళాడు. "అమ్మా, నువ్వింక లేవక్కర్లేదు. ఎక్కడ కూర్చున్నా పెట్టుకోవచ్చు, ఆపుకోవచ్చు, సౌండు తగ్గించుకోవచ్చు" అన్నాడు. సెలవుల్లో లోపలి గదిలో కూర్చుని ఒక సదస్సుకి పత్రం రాసుకుంటున్నాను. హాల్లోంచి అమ్మ చూసే సీరియల్ ఏడుపులు వినిపిస్తున్నాయి. లేచి వెళ్ళి "అమ్మా, కాస్త తగ్గించవా" అనడానికి బద్ధకం. అంటే అమ్మ ముఖం చిన్నబోతుందేమోనని మొహమాటం. ఫోను తీసి వేలితో ఒక గీత కిందికి లాగాను. ఏడుపు ఆగిపోయింది. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఆ రెండు వారాల్లో ఎన్నిసార్లు లాగానో లెక్కలేదు. అమ్మ పెంచేది, నేను తగ్గించేదాన్ని. ఆవిడకి తెలియకుండా ఆవిడతో నేనొక యుద్ధం చేశాను. నేను రాస్తున్న పత్రం స్త్రీల గొంతు గురించి.

అమ్మ చెవుల డాక్టరు మాట ఎత్తినప్పుడైనా నిజం చెప్పాల్సింది. చెప్పలేదు. సిగ్గేసింది. తీసుకువెళ్ళాను. గాజు గదిలో కూర్చోబెట్టి చెవులకి పరికరం తగిలించి, శబ్దం వినిపించినప్పుడల్లా వేలెత్తమన్నారు. అమ్మ పరీక్ష రాసే పిల్లలా కళ్ళు మూసుకుని, భయంభయంగా వేలెత్తుతూ కూర్చుంది. బయట నుంచి చూస్తూ నిలబడ్డాను. "వయసుకి తగ్గ తగ్గుదలే, మెషీను అవసరం లేదు" అన్నారు డాక్టరు. ఇంటికొచ్చే దారిలో ఆటోలో చెప్పాను. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒకటే మాట అంది: "ఒక్క కేక వేస్తే నేనే తగ్గించేదాన్ని కదే. అడగడానికి నోరు లేదా నీకు?"

ఈ వ్యాసం ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కోవడమే. ఇది నా ఒక్క ఇంటి సంగతి అయితే నా డైరీలో రాసుకుని ఊరుకునేదాన్ని. కానీ ఆ తర్వాత నా స్నేహితురాళ్ళ ఇళ్ళ వైపు చూస్తే, హాల్లో ఉన్న టీవీ ఒకరిదీ, దాన్ని ఆడించే వేలు మరొకరిదీ కావడం ఎంత మామూలైపోయిందో కనిపించింది. ఆ వేలు ఎక్కువ ఇళ్ళలో మగవాడిది. నాలాంటి చోట్ల ఆ వేలు చదువుకున్న, సంపాదిస్తున్న, స్త్రీవాదం మాట్లాడే ఆడదానిది కూడా కావచ్చు. అధికారానికి అలవాటుపడటానికి మీసాలే ఉండక్కర్లేదు.

మన స్త్రీవాద సాహిత్యం వంటింటిని బాగానే చూసింది. పడకగదిని చూసింది, పురిటిగదిని చూసింది. హాలు గురించి మాత్రం మనం అంతగా మాట్లాడుకోలేదు. హాలు అందరిదీ అనుకున్నాం. అందరిదీ అని చెప్పే ప్రతి చోటూ ఎవరిదో ఒకరిదిగా ఉంటుందని ఊరి చెరువు దగ్గరా, రచ్చబండ దగ్గరా తెలుసుకున్నవాళ్ళం, మన హాలు దగ్గర మర్చిపోయాం.

మా చిన్నప్పుడు తెనాలిలో మా ఇంట్లో రేడియో ఉండేది. 1948లో మొదలైన విజయవాడ కేంద్రం మాకు దగ్గర, స్పష్టంగా వచ్చేది. ఆ రేడియో ముందు గదిలో గోడ అలమారలో పైఅరలో ఉండేది. పిల్లలకి అందకూడదని నాన్న అనేవారు. అమ్మకీ అందేది కాదు, స్టూలు వేసుకోవాల్సిందే. అప్పట్లో రేడియోకి పోస్టాఫీసులో లైసెన్సు కట్టాలి. ఆ పుస్తకం మీద నాన్న పేరు ఉండేది. ఆ పుస్తకం అమ్మ పేరున ఎందుకు ఉండదని ఎవరికీ తోచలేదు. మధ్యాహ్నం ఆడవాళ్ళ కార్యక్రమాన్నీ, ఆదివారం నాటకాన్నీ అమ్మ వంటింట్లోంచి వినేది. గిన్నెల చప్పుడులో మాటలు తప్పిపోకుండా సౌండు పెద్దది పెట్టేది. నాన్న ఇంట్లో అడుగుపెడుతూనే చెయ్యెత్తి తగ్గించేవారు, లేకపోతే వార్తలకి తిప్పేవారు. నాటకం మధ్యలో పోయేది. అయితే ఒకటుంది. నాన్న తగ్గిస్తున్నట్టు అమ్మకి తెలిసేది. ఆ చెయ్యి కనిపించేది. విసుక్కునేది, రెండు గిన్నెలు గట్టిగా పడేసేది. తన చెవులు పోయాయని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

తర్వాత టీవీ వచ్చింది. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైనా మా ఇంటికి టీవీ రావడానికి ఇంకో పదేళ్ళు పట్టింది. 1990ల మధ్యలో తెలుగు ఛానళ్ళు మొదలయ్యాక రిమోటు వచ్చింది. రిమోటు నాన్న పడక్కుర్చీ చెయ్యి మీద ఉండేది.

ఆ రిమోటు పుట్టుకే ఒక గొంతు నొక్కడానికి జరిగింది. అమెరికాలో జెనిత్ కంపెనీ 1950లో తీగతో పనిచేసే రిమోటు తెచ్చింది. దానికి పెట్టిన పేరు 'లేజీ బోన్స్', అంటే సోమరిపోతని. 1955లో యూజీన్ పోలీ తయారుచేసినది కాంతితో పనిచేసేది. ప్రకటనల మోత కూర్చున్న చోటినుంచే నొక్కెయ్యవచ్చన్నది దాని ముఖ్యమైన ఆకర్షణ. మరుసటి ఏడాది రాబర్ట్ ఆడ్లర్ రూపొందించిన శబ్దతరంగాల రిమోటు వచ్చింది. కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండి ఇష్టంలేని గొంతు మూయించడం అన్న ఊహ దీని గర్భంలోనే ఉంది. వాణిజ్య ప్రకటన గొంతు మూయిస్తే మనకేం బాధ లేదు. కానీ సాధనం ఒకసారి చేతికొచ్చాక ఎవరి గొంతు అన్నది చెయ్యి ఉన్నవాడి ఇష్టం.

1986లో డేవిడ్ మోర్లీ అనే పరిశోధకుడు 'ఫ్యామిలీ టెలివిజన్' అనే పుస్తకం రాశారు. దక్షిణ లండన్‌లోని 18 కుటుంబాలతో మాట్లాడి రాసినది. రిమోటు ఎక్కువగా తండ్రి దగ్గర, ఆయన లేకపోతే కొడుకు దగ్గర ఉండటం ఆయన గమనించారు. అంతకన్నా ముఖ్యమైన మాట ఇంకొకటి చెప్పారు. మగవాడికి ఇల్లు పనినుంచి వచ్చి సేదదీరే చోటు. ఆడదానికి ఇల్లే పనిచేసే చోటు. అందుకే మగవాళ్ళు టీవీని నిశ్శబ్దంగా, కళ్ళార్పకుండా చూస్తారు. ఆడవాళ్ళు ఏదో ఒక పనిచేస్తూ చూస్తారు, ఒంటరిగా తీరిగ్గా కూర్చుని చూస్తే తప్పు చేసినట్టు బాధపడతారు. లండన్ కుటుంబాలని తీసేసి మన కుటుంబాలని పెట్టి చదవండి. బఠాణీలు వొలవకుండా, బట్టలు మడతపెట్టకుండా టీవీ ముందు కూర్చున్న అమ్మని మీరెప్పుడైనా చూశారా? మన దేశ ప్రభుత్వం 2024లో చేసిన కాలవినియోగ సర్వే ప్రకారం జీతంలేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి 289 నిమిషాలు దానికే పెడుతున్నారు. ఆ పని చేసే మగవాళ్ళు పెడుతున్నది 88 నిమిషాలు. ఆ 289 నిమిషాలు పోగా మిగిలిన మధ్యాహ్నపు గంటన్నర మా అమ్మది. దాన్నే నేను వేలితో కిందికి లాగాను.

1992లో ఆన్ గ్రే అనే ఆవిడ 'వీడియో ప్లేటైమ్' అనే పుస్తకంలో ఇంగ్లాండులోని యార్క్‌షైర్ స్త్రీలనొక తమాషా ప్రశ్న అడిగారు. ఇంట్లో ఉన్న పరికరాలకి గులాబీరంగో నీలంరంగో వెయ్యమంటే దేనికి ఏ రంగు వేస్తారని. ఇస్త్రీపెట్టెకి గులాబీ. డ్రిల్లింగు మెషీనుకి నీలం. వీసీఆర్ దగ్గరకొచ్చేసరికి, ఆడించే, రికార్డు చేసే బటన్లకి రెండు రంగులూ కలిశాయి. ఏ సమయానికి ఏం రికార్డు కావాలో ముందే నిర్ణయించే టైమరుకి మాత్రం నీలం పడింది. రిమోటుకి ఇంకా చిక్కటి నీలం. వాడుకునే చోట ఆడవాళ్ళున్నారు, నిర్ణయించే చోట లేరు. యాప్ అంటే ఆ టైమరూ ఆ రిమోటూ కలిపి జేబులో వేసుకోవడమే.

యాప్ ఎలా పనిచేస్తుందో తెలియకపోతే దాని రాజకీయం అర్థం కాదు. ఫోన్లోంచి సినిమా టీవీలోకి వెళుతోందని చాలామంది అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను. చాలా సందర్భాల్లో ఫోను చేసేది హుకుం జారీ చెయ్యడం మాత్రమే. ఫలానాది పెట్టు, ఆపు, ముందుకి జరుపు, తగ్గించు అని చెబుతుంది. టీవీయో, దాని వెనక గుచ్చిన చిన్న పరికరమో ఆ బొమ్మని ఇంటర్నెట్టునుంచి తనే తెచ్చుకుని ఆడిస్తుంది. 2008లో ఆపిల్ తన ఫోనుకి ఇలాంటి రిమోటు యాప్ తెచ్చింది. 2013లో గూగుల్ తెచ్చిన క్రోమ్‌కాస్ట్‌తో ఇది మధ్యతరగతి ఇళ్ళలోకి వచ్చింది. ఆ పరికరం తయారీని 2024లో ఆపేశారు గానీ ఆ పద్ధతి ఇప్పుడు చాలా స్మార్ట్ టీవీల కడుపులోనే ఉంది. చాలా యాప్‌లు ఫోనూ టీవీ ఒకే వైఫైలో ఉంటే చాలు పనిచేస్తాయి. మధ్యలో గోడ ఉన్నా ఫరవాలేదు, మెట్లున్నా ఫరవాలేదు. కొన్నింటిలో టీవీ తెర మీది అంకెల కోడు ఒకసారి కలిపితే చాలు, ఆ తర్వాత ఒకే ఇంట్లో ఉండక్కర్లేదు. వేరే ఊళ్ళో కూర్చుని కూడా ఇక్కడి టీవీని ఆపవచ్చు.

మామూలు రిమోటుకీ దీనికీ తేడా సౌకర్యంలో లేదు. రిమోటు ఒక వస్తువు. టేబుల్ మీద ఉంటుంది. ఎవరి చేతికి దొరికితే వాళ్ళది. పిల్లలు లాక్కుంటారు. కోడలు దిండు కింద దాస్తుంది. అత్తగారు బ్యాటరీలు తీసి కొంగున ముడేసుకుంటుంది. దాని చుట్టూ జరిగే పోట్లాటలో ఒక ప్రజాస్వామ్యం ఉంది. పైగా అది పనిచెయ్యాలంటే మనిషి ఆ గదిలో ఉండాలి. అందరి కళ్ళముందూ నొక్కాలి. యాప్‌కి ఒక ఖాతా ఉంటుంది. ఖాతాకి ఒక పేరు, ఒక పాస్‌వర్డు ఉంటాయి. పాత రేడియో లైసెన్సు పుస్తకం మీది పేరు మళ్ళీ తిరిగొచ్చింది. ఆ పుస్తకానికి మాత్రం అమ్మ మధ్యాహ్నం ఏం విన్నదో గుర్తుండేది కాదు. దీనికి గుర్తుంటుంది.

నా స్నేహితురాలొకామె జిల్లా కేంద్రంలో డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతుంది. భర్తకి వేరే ఊరికి బదిలీ అయింది. ఇంట్లో టీవీ ఆయన ఖాతాతో నడుస్తుంది. ఒక మధ్యాహ్నం ఈమె సినిమా చూస్తోంది, మధ్యలో ఆగిపోయింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ ఆగింది. ఫోన్ మోగింది. "భయపడ్డావా? నేనే" అని నవ్వాడాయన. సరదా. మరో వారం రాత్రి మాటల్లో "ఇవాళ రెండింటికే ఇంటికొచ్చేశావే, క్లాసుల్లేవా?" అన్నాడు. తను చెప్పలేదు, టీవీ చెప్పింది. "ఆయన మంచివాడేనే. చెయ్యెత్తడు, తిట్టడు" అని నాతో మూడుసార్లు అంది. మూడుసార్లు ఎందుకు అనాల్సి వచ్చిందో ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు. ఇప్పుడామె హాల్లో టీవీ పెట్టడం మానేసింది. పడకగదిలో దుప్పటి కప్పుకుని చిన్న ఫోన్లో, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చూస్తోంది. తన జీతంతో కొన్న టీవీ అది.

ఈ మాటలు అన్నప్పుడు నాకెదురైన అభ్యంతరాలు మూడు. వాటిని దాటెయ్యకుండా చెప్పాలి.

మొదటిది: "ఇవన్నీ చిన్న విషయాలు. ఆడపిల్లల్ని పుట్టకముందే చంపుతున్న దేశంలో టీవీ సౌండు గురించి వ్యాసమా?" చిన్నదే. కానీ పెద్ద హింసలకి తాళం చెవులు ఇలాంటి చిన్న చోట్లే దొరుకుతాయి. 2018లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక అమెరికాలో గృహహింసకి గురైన స్త్రీల అనుభవాలు రాసింది. ముట్టుకోకుండానే ఏసీ ఆగిపోవడం, ముందు తలుపు తాళం అంకెలు రోజూ మారిపోవడం, ఎవరూ లేకుండా గంట మోగడం. వెళ్ళిపోయిన మగవాళ్ళు ఫోనుతో ఇంట్లోనే ఉన్నారు. తమకే పిచ్చెక్కుతోందేమోనని ఆ ఆడవాళ్ళకి అనిపించేది. మా అమ్మ చెవులు పోయాయనుకుంది. ఆ రెండింటికీ మధ్య ఎంత దూరముందో నాకు తెలుసు. అది ఒకే దారి మీద ఉన్న దూరం అని కూడా తెలుసు. మనిషికి తన చెవుల మీద తనకే నమ్మకం పోయేలా చెయ్యడం అనే దారి.

రెండోది: "నేర్చుకోండి. యాప్ ఆడవాళ్ళని వద్దందా?" ఆన్ గ్రే పుస్తకంలోనే దీనికి సగం జవాబుంది. కొందరు స్త్రీలు ఆ టైమరు నేర్చుకోవడం కావాలనే మానేశారు. నేర్చుకుంటే అదీ తమ నెత్తిన పడే ఇంకో చాకిరీ అవుతుందని. మన ఇళ్ళలో నిజం కాదా? వాషింగ్ మెషీను నేర్చుకున్నది ఎవరు, ఆ పని ఎవరిదైంది? రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లోనే ఒక పుస్తకం నిండా చెప్పారు, ఇంటి యంత్రాలు వచ్చినకొద్దీ అమ్మ పని తగ్గలేదని. మిగతా సగం జవాబు లెక్కల్లో ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే సమయానికి, 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో తాము స్వయంగా వాడుకునే ఫోను ఉన్నవాళ్ళు తెలంగాణలో 60 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 49 శాతం. ఎప్పుడైనా ఇంటర్నెట్టు వాడిన స్త్రీలు తెలంగాణలో 26.5 శాతం, మగవాళ్ళు 57.4. ఆంధ్రలో స్త్రీలు 21 శాతం, మగవాళ్ళు 48.8. ఆ తర్వాత ఈ అంకెలు పెరిగే ఉంటాయి. కానీ ఆ సర్వే మా అమ్మ వయసు ఆడవాళ్ళని అసలు అడగనే లేదు. రిమోటు తీసేసి యాప్ చేతికిచ్చి "నేర్చుకో" అనడం, మెట్లు తీసేసి "ఎగురు" అనడం లాంటిది.

మూడోది నా విద్యార్థినులు అన్నది. దీన్ని నేను గౌరవిస్తాను. "మేడం, ఫోను వల్లే కదా మేము మాకిష్టమైనవి చూడగలుగుతున్నాం. వంట చేస్తూ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మా లోకంలో ఉంటున్నాం. హాల్లో టీవీ ఎవడిక్కావాలి?" నిజమే. తన ఫోను, తన పాట ఉన్న అమ్మాయికి మా అమ్మకి లేని స్వేచ్ఛ ఉంది. దాన్ని తక్కువ చెయ్యను. కానీ గమనించండి, ఆ స్వేచ్ఛ దొరికింది మళ్ళీ వంటింట్లోనే. హాలు, పెద్ద తెర, మంచి సౌండు, కాళ్ళు బారచాపుకునే సోఫా ఎవరి పాలయ్యాయి? మనం గెలిచామనుకుంటున్నది మన వాటా వదులుకుని తెచ్చుకున్న గెలుపు. నవ్వొచ్చినప్పుడు బయటికి నవ్వలేని ఇయర్‌ఫోన్ల గెలుపు. అందరూ కలిసి చూసేచోట "ఇవాళ నాకిష్టమైంది చూద్దాం" అని అనగలగడం ఒక హక్కు. అది ఎవరి ఫోనులో వాళ్ళు చూసుకుంటే తీరేది కాదు. మా ఇంట్లో పనిచేసే ఆమె ఇంట్లో అయితే స్మార్ట్‌ఫోను ఒక్కటే ఉంది, అది పెద్దకొడుకు జేబులో ఉంటుంది. ఆమెకి ఈ వంటింటి స్వేచ్ఛ కూడా లేదు.

చట్టం ఏమంటుందో చూద్దాం. 2005 గృహహింస నిరోధక చట్టం ఆర్థిక హింసకి ఇచ్చిన నిర్వచనంలో ఒక మంచి మాట ఉంది: ఆ ఇంటి సంబంధం వల్ల అనుభవించే హక్కున్న వనరులూ సౌకర్యాలూ ఆమెకి అందకుండా ఆపడం, పరిమితం చెయ్యడం కూడా హింసే. ఆ మాట రాసినప్పుడు స్మార్ట్ టీవీలు మన ఇళ్ళలో లేవు, అయినా ఆ మాటకి ఇంత చోటుంది. ప్రతి చిరాకునీ కోర్టుకి తీసుకెళ్ళమని నేననడం లేదు. ఇంట్లో సౌకర్యం మీద ఆమెకి ఉన్నది దయ కాదు, హక్కు అని చట్టం ఇరవై ఏళ్ళ కిందే అన్నదని గుర్తు చేస్తున్నాను. ఇక 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టాన్ని చూడండి. వ్యక్తి తన సొంత, ఇంటి అవసరాల కోసం వాడే సమాచారానికి ఆ చట్టం వర్తించదు. కంపెనీ నా చూపుల చిట్టా రాసుకుంటే అడిగే దారి ఒకటుంది. భర్త రాసుకుంటే అది ఇంటి విషయం. ఇంటి గుమ్మం దగ్గర చట్టం చెప్పులు విడిచి ఆగిపోవడం మనకి కొత్త కాదు కదా.

మరేం చెయ్యాలి? యాప్‌లు తీసి పారెయ్యమని నేననను. మోకాళ్ళ నొప్పులతో లేవలేని ఆడవాళ్ళకి, మంచాన ఉన్నవాళ్ళకి ఇది వరం. ఎవరు తగ్గించారో తెలియకుండా తగ్గించగలగడం మీదే నా గొడవ. అందుకని అడగాల్సినవి ఇవీ.

హాల్లో బటన్లున్న రిమోటు ఒకటి ఎప్పుడూ ఉండాలి. కళ్ళజోడు లేకుండా తడిమినా తెలిసే పెద్ద బటన్లతో ఉండాలి. యాప్ దానికి తోడు కావాలి తప్ప దాని చోటు ఆక్రమించకూడదు. ఇంటి టీవీ ఖాతాకి ఇద్దరు యజమానులు ఉండాలి, ఇద్దరికీ పాస్‌వర్డు తెలిసి ఉండాలి. ఇంటి పట్టా మీద ఇద్దరి పేర్లూ ఉండాలని అడిగినవాళ్ళం, దీనికెందుకు వెనకాడాలి? ఎవరు ఏం చూశారన్న చిట్టా వేరువేరుగా ఉండాలి, తుడిచేసుకునే హక్కు చూసినవాళ్ళదే కావాలి. అన్నిటికన్నా ముఖ్యమైంది ఒకటి. వేరే ఫోనునుంచి ఆపినా, తగ్గించినా, మార్చినా, టీవీ తెర మీద పెద్దక్షరాల్లో, తెలుగులో, ఆ ఫోను పేరు రావాలి. "ఫలానా వారి ఫోనునుంచి సౌండు తగ్గించారు" అని. ఇంత తెలివైన టీవీకి ఇదేం కష్టమైన పని కాదు. ఆ ఒక్క వాక్యం కనిపించి ఉంటే మా అమ్మ ఆ గాజు గదిలో కూర్చునేది కాదు. సిగ్గుపడాల్సిన వేలు మొదటి రోజే సిగ్గుపడేది.

రాసే మనం చెయ్యాల్సింది కూడా ఉంది. సీరియళ్ళని మనం చాలా తిట్టాం, తిట్టాల్సినంత ఉంది కూడా. కానీ ఆ తిట్టులో వాటిని చూసే ఆడవాళ్ళ మీద చిన్నచూపు ఎంత కలిసిపోయిందో నాకు నా వేలే చెప్పింది. ఆ సౌండు నాకు అంత తేలిగ్గా తగ్గించబుద్ధి ఎందుకేసింది? అది అమ్మ చూసే "చెత్త" కాబట్టి. అదే హాల్లో మా అబ్బాయి క్రికెట్ చూస్తూ ఉంటే అలా లాగి ఉండేదాన్నా? లేచి వెళ్ళి "కాస్త తగ్గించరా నాన్నా" అని బతిమాలేదాన్ని. కొడుకుని అడుగుతాం, అమ్మకి తగ్గిస్తాం. పితృస్వామ్యం మీద ఇన్నేళ్ళుగా పాఠాలు చెబుతున్న నేను దాన్ని ఇంత దగ్గరగా, నా చేతి చివర, ఎప్పుడూ చూడలేదు.

అమ్మ అడిగిన ప్రశ్నకి జవాబు ఇదనుకుంటాను. అడగడానికి నాకు నోరు ఉంది. అడిగితే "ఇంకో పది నిమిషాలే, అయిపోవచ్చింది" అనే హక్కు అమ్మకి వస్తుంది. బేరం మొదలవుతుంది. అమ్మ కాదనవచ్చు. నేను తప్పించుకున్నది ఆ కాదనడాన్ని. ఇల్లు ఇల్లులా ఉండేది మాత్రం ఒకరినొకరు అడిగి, కాదనిపించుకుని, సర్దుకునే ఆ గొడవలోనే. అడగాల్సిన అవసరమే లేకుండా చేసే ఏ సౌకర్యాన్నయినా ఆడవాళ్ళం అనుమానంగానే చూడాలి. మనల్ని అడగకుండా జరిగిపోయినవాటి జాబితా మనకున్నంత పొడుగ్గా ఎవరికీ లేదు.

ఆ యాప్ నా ఫోన్లోంచి తీసేశాను. మధ్యాహ్నం హాల్లోంచి సీరియల్ ఏడుపు ఇప్పుడూ వినిపిస్తుంది. మరీ ఎక్కువైతే లేచి గుమ్మం దగ్గరకి వెళ్ళి నిలబడతాను. అమ్మ నన్ను చూసి రిమోటు తీసుకుని రెండు గీతలు తగ్గిస్తుంది. ఒక్కోరోజు తగ్గించదు. "కూర్చోవే, ఇది అయ్యాక రాసుకుందువుగానిలే" అంటుంది. ఆ రోజుల్లో కూర్చుంటున్నాను.